ఎర్ర బిళ్ల కదిపిందెవరు

విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్ల వెనక ఒక సందు ఉంది. ఆ సందు చివర పాండురంగయ్య గారి గోడౌను. కింద చీరల బేళ్లు, పైన ఒక మేడగది. పగలంతా ముఠా కూలీలు ఆ మెట్ల మీదే కూర్చుని క్యారేజీలు విప్పుకుంటారు. పొద్దుగూకాక మాత్రం — అటు ఎవరూ పోరు.

ఒకప్పుడు ఆ మేడగది రికార్డింగ్ స్టూడియో. భజనలు, చర్చి పాటలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు... అన్నీ అక్కడే రికార్డు చేసేవాళ్లు. కీబోర్డు వాయించేది మరియదాసు. ఒక రాత్రి అందరూ ఇళ్లకి వెళ్లాక కూడా ఆయన ఒక్కడే కూర్చుని ఏదో వెతుక్కుంటూ ఉండిపోయాడు. తెల్లారి తలుపు తీస్తే — చెవులకి హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి. వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. ప్రాణం మాత్రం లేదు.

అప్పట్నుంచీ రాత్రిళ్లు ఆ గదిలో గంట మోగినట్టు వినపడుతుందని చెప్పుకుంటారు. ఒక్కోసారి పిల్లనగ్రోవి. ఒక్కోసారి... ఎవరో ముక్కుతో మూలిగినట్టు.

నేను నవ్వి ఊరుకునేదాన్ని. సుస్మిత చెప్పేదాకా.

సుస్మిత మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు. పాండురంగయ్య గారి మేనకోడలు. గన్నవరం నుంచి ఇద్దరం ఒకే బస్సులో వస్తాం. ఒక సాయంత్రం రామవరప్పాడు దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే, ఉన్నట్టుండి తనే మొదలుపెట్టింది.

“మేడమ్, నేను ఆ గదిలో పని చేశానండీ. రాత్రిళ్లు.”

ఈ ఉద్యోగానికి ముందు తను చేసిన పని ఏమిటంటే — ఎఫ్ఎం సింథసైజర్ అని ఒక వాయిద్యం ఉంటుంది. రేడియో ఎఫ్ఎం కాదు. అందులో తీగలుండవు, గొట్టాలుండవు. ఒక స్వరం ఇంకో స్వరాన్ని ఊపుతుంది.

“వీణ తీగ మీద వేలు ఊపితే గమకం వస్తుంది కదండీ,” అంది సుస్మిత. “ఆ ఊపుని చెవి పట్టుకోలేనంత వేగంగా పెంచామనుకోండి... అప్పుడు ఊపు వినపడదు. కొత్త గొంతు పుడుతుంది. గంటైనా, పిల్లనగ్రోవైనా, ఇంతవరకూ ఎవరూ వినని గొంతైనా.”

చిక్కల్లా ఆ గొంతు బయటికి తియ్యడంలోనే ఉందట. వేలెడంత తెర, దాన్నిండా అంకెలు. ఏ అంకె మారిస్తే ఏమవుతుందో వాయించేవాళ్లకి అర్థం కాదు. అందుకని కంపెనీవాళ్లు ముందే పెట్టిచ్చిన శబ్దాలతోనే సరిపెట్టుకుంటారు.

సుస్మిత ఆ అంకెలన్నీ తీసేసింది. ట్యాబ్ తెర మీద రెండు బిళ్లలు పెట్టింది. నీలం బిళ్ల పాడేది, ఎర్ర బిళ్ల దాన్ని ఊపేది. ఎర్రదాన్ని వేలితో దగ్గరికి జరిపితే నీలం అంచులు ముళ్లు ముళ్లుగా లేస్తాయి, శబ్దం కంచులా మోగుతుంది. దూరం జరిపితే అంచులు నునుపు తేలి, మెత్తబడుతుంది. కన్ను చూసిందే చెవికి వినపడాలి. అదీ తన పట్టుదల.

బొమ్మలు సుస్మితవి. వాటిని నడిపించే ప్రోగ్రాము ఉమామహేశ్‌ది. ఇంజినీరింగులో క్లాస్‌మేటు, హైదరాబాదులో ఉంటాడు. పేరు ఇద్దరిదీ, ఫలితం ఇద్దరిదీ అనుకున్నారు. ఆ మాట మీదే సుస్మిత బెంగళూరు ఉద్యోగం మానేసి వచ్చేసింది.

మావయ్య గది ఇచ్చాడు. “చీకటి పడ్డాక మాత్రం ఉండకమ్మా,” అన్నాడు. కానీ పగలు కింద ఆటోల గోల, బేళ్లు దించే కేకలు. సన్నటి శబ్దం ఎలా ఉందో తేల్చుకోవాలంటే రాత్రే దిక్కు.

ఒక రాత్రి మంచినీళ్ల సీసా అందుకుందామని పక్కకి తిరిగింది.

టంగ్... మని గంట.

తిరిగి చూసింది. ట్యాబ్ బల్ల మీదే ఉంది. చుట్టూ ఎవరూ లేరు. తెర మీద ఎర్ర బిళ్ల — మెల్లగా, ఆగి ఆగి — నీలం బిళ్ల వైపు జరుగుతోంది. ఎవరో వేలు ఆనించి లాగుతున్నట్టు...

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఉమామహేశ్‌కి ఫోన్ చేసింది. “ప్రోగ్రాములో ఏదో తేడా అయ్యుంటుందిలే, చూస్తా,” అన్నాడు. సాయంత్రం మళ్లీ తనే చేశాడు. “అంతా చూశాను, ఏ తప్పూ లేదు. నిద్ర చాలక అలా అనిపించిందేమో.”

ముఠా కూలీ ఏసుపాదం మాత్రం ఆ సంగతి వినగానే దండం పెట్టాడు. మరియదాసుది, అతనిది ఒకే పేట. “ఆయన చివరి రోజుల్లో ఒకటే మాటమ్మా. ఈ మిషన్ లోపల ఇంకా చాలా గొంతులున్నాయి ఏసుపాదం, తియ్యడం రాక చస్తున్నా... అనేవాడు.”

ఆ మాటతో సుస్మితకి భయం సగం పోయింది. ఆ సగంలోకి జాలి వచ్చి కూర్చుంది.

మళ్లీ వెళ్లింది. ఉమామహేశ్‌కి ఇక ఏమీ చెప్పలేదు, నవ్వుతాడని.

బిళ్ల కదిలేది. సుస్మిత గోడకి ఆనుకుని చూస్తూ ఉండేది. ఆ కనపడని వేలు అన్నీ చేయగలిగేది గానీ, శబ్దం మోగాక ఎంతసేపటికి ఆగిపోవాలో చెప్పే గుర్తు దగ్గరికొచ్చేసరికి తడబడేది. అటు వెతికేది, ఇటు వెతికేది... ఆగిపోయేది.

‘తప్పు ఆయనది కాదు, నా బొమ్మది,’ అనుకుంది. కూర్చుని ఆ గుర్తు తీసేసి, బిళ్లకి తోక గీసింది. తోక పొడుగు లాగితే గంట చాలాసేపు మోగుతుంది. పొట్టి చేస్తే టక్కున ఆగుతుంది.

ఆ మర్నాటి రాత్రి — వేలు తిన్నగా తోక మీదికే వచ్చింది. లాగింది. గది నిండా గంట... సాగి, సాగి, సన్నబడి, ఎప్పటికో ఆగింది.

సుస్మిత ఏడ్చేసిందట.

“దొరికిందాండీ మరియదాసు గారూ?” అని గుసగుసగా అడిగిందట.

అప్పట్నుంచీ రోజూ మాట్లాడేది. ఇంట్లో చెప్పుకోలేనివి కూడా చెప్పేది. ఉద్యోగం మానేసినందుకు అమ్మ మాట్లాడటం లేదని చెప్పింది. ఒక్కోసారి భయమేస్తుందని చెప్పింది. “కానీ ఉమా ఉన్నాడండీ. వాడు నమ్మకస్తుడు,” అని కూడా చెప్పింది. వేలు ఎక్కడ తడబడితే అక్కడ బొమ్మ మార్చేది. పని చకచకా సాగింది.

ఒక రాత్రి మాత్రం వేలు తడబడలేదు. గంట, పిల్లనగ్రోవి, వాటి వెనకే ఆడగొంతు లాంటి మూలుగు... ఒకదాని వెంట ఒకటి, ఎవరికో చూపిస్తున్నట్టు.

ఉన్నట్టుండి స్పీకర్లోంచి — దగ్గు.

మనిషి దగ్గు.

సుస్మిత గోడని వదిలి ఒక అడుగు ముందుకేసింది. “మరియదాసు గారూ...”

ఎవరో పెద్దాయన గొంతు, దూరం నుంచి వస్తున్నట్టు — “అద్భుతం అండీ. చిన్నపిల్లాడి చేతికిచ్చినా వాయించేస్తాడు. డిజైన్ ఎవరిది?”

రెండో గొంతు అందుకుంది.

“నాదేనండీ. మొత్తం నేనొక్కణ్ణే చేశాను.”

ఉమామహేశ్.

పాడితే ఆ గొంతుకి కూడా బిళ్ల ఊగాలని ప్రోగ్రాములో మైకు పెట్టుకున్నారు వాళ్లు. వాడి వైపు దాన్ని ఆపడం ఆ రాత్రి మర్చిపోయాడు. తనకి చెప్పకుండా వాడి ట్యాబ్‌నీ తన ట్యాబ్‌నీ వాడు ఎప్పుడో కలిపేశాడని సుస్మితకి అప్పుడర్థమైంది. ఇక్కడ తను గీసిన ప్రతి గీతా అక్కడ వాడికి కనపడుతోంది. అక్కడ వాడు వేలు పెడితే ఇక్కడ బిళ్ల కదులుతోంది. రాత్రిళ్లు వాడు సాధన చేసుకున్నది ఈ రోజు కోసమే. లండన్‌లో ఉండి దీన్ని కొనబోయే ఎవరో తెలుగాయనకి వీడియో కాల్లో చూపించడానికి.

సుస్మిత బల్ల దగ్గరికి వెళ్లి, ఎర్ర బిళ్ల మీద వేలు ఆనించి... మెల్లగా జరిపింది.

“ఇదేంటండీ,” అంది పెద్దాయన గొంతు. “మీరు ముట్టుకోకుండానే కదులుతోంది?”



తోక పట్టుకుని పొడుగ్గా లాగింది. గంట ఇక్కడా మోగింది, అక్కడా మోగింది.

“సుస్మితా...” ఊపిరంత సన్నగా వచ్చింది వాడి గొంతు. “నువ్వా?”

టక్కున తెర నల్లబడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తెరిచినా అది తెరుచుకోలేదు. ప్రోగ్రాము తాళాలన్నీ వాడి చేతిలోనే ఉన్నాయి మరి.

బస్సు కదిలింది. “ఆ బేరం?” అన్నాను.

“కుదిరిందండీ. ఇప్పుడు వాడి పేరుతోనే అమ్ముతున్నారు. ఒక్కసారే ఫోన్ ఎత్తాడు. నేను అడిగింది ఒకటే — బిళ్ల కదులుతోందని నేను భయపడి చెప్పాకైనా నిజం చెప్పొచ్చు కదరా, అని.”

“ఏమన్నాడు?”

సుస్మిత కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

“‘నువ్వు ఆయనతో అంత ప్రేమగా మాట్లాడుకుంటున్నావు... పాపం, ఎందుకు చెడగొట్టడంలే అనిపించింది,’ అన్నాడండీ.”

చేతిలో బస్సు టిక్కెట్టు చిన్నచిన్న ముక్కలుగా చింపుతోంది.

“నేను మరియదాసు గారితో మాట్లాడతానని... వాడికి ఏ రోజూ చెప్పలేదు మేడమ్.”