చివరివాడి గజ్జెలు

కల్లుమొట్టె నుంచి హొళెబాణెకు దిగే ఘాటు రోడ్డులో, ఆరో కిలోమీటరు దగ్గర పాత సుంకం గేటు ఉంది. గేటు ఎప్పుడో పోయింది, రెండు రాతి స్తంభాలు మిగిలాయి. తెల్లవారకముందు అక్కడ ఎవరూ నడవరు. నడిస్తే... వెనక గజ్జెలు మోగుతాయి. ఆగితే అవీ ఆగుతాయి. వెనక్కి తిరిగినవాళ్ళకు ఏం కనిపించిందో తెలీదు — వాళ్ళెవరూ ఆ మాటెత్తరు. మిరియాల బస్తాలు వేసుకొచ్చే లారీవాళ్ళు పట్టపగలు కూడా అక్కడ హారన్ కొట్టి మరీ దాటతారు. ఇంజనుక్కూడా దెయ్యం భయమేనా అని నవ్వేవాణ్ణి, కాలేజీ చదువు తలకెక్కిన రోజుల్లో. ఇప్పుడు నవ్వను.

ఆ గజ్జెలు చోమవి అంటారు. బస్సులు లేని కాలంలో టపా సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన ఈటె పట్టుకుని, రాత్రికి రాత్రి ఈ రోడ్డంతా పరుగెత్తేవాడు. ఒక వానాకాలం గేటు దాకా వచ్చాడు. హొళెబాణె చేరలేదు. ఆ రాత్రే అక్కడ కొండ చరియ విరిగిపడింది. అయినా టపా వ్యవహారం చూసే తెల్లదొర వెతికించలేదు. పోస్టాఫీసు రిజిస్టరులో ఒక్క ముక్క రాసి పారేశాడు: "చోమ. టపాతో పరారీ."

ఆ రిజిస్టరు ఇప్పటికీ ఉంది. పోస్టుమాస్టరు చోందమ్మకు దాన్ని దులిపినప్పుడల్లా ఒళ్ళు మండేది. సంచిలో ఏముందని పారిపోతాడు, ఊళ్ళోవాళ్ళ శుభలేఖలా, అనేది.

నిరుడు ఆ మంటకు సొంత కారణం ఒకటి తోడైంది. ఊరి క్లబ్బువాళ్ళు ఏటా డిసెంబరులో ఈ రోడ్డు మీదే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెడతారు. పై ఊళ్ళో ఐదింటికి, చీకట్లో మొదలు. కింది ఊళ్ళో ఎనిమిదిన్నర దాకా గడువు. యాభై ఎనిమిదేళ్ళ చోందమ్మ ఎనిమిదీ ఇరవైకి చేరింది. అప్పటికే ముగింపు గీత దగ్గరి రిబ్బను చుట్టేశారు, గడియారం సర్దేశారు, చేరినవాళ్ళకు పెట్టే పంది కూర గిన్నె కూడా కడిగేశారు. ముఖ్య అతిథికి తొందరట. ఫలితాల కాగితంలో ఆవిడ పేరు పక్కన "చేరలేదు" అని రాశారు. క్లబ్బు సెక్రటరీ బిద్దప్పకు మూడు రిజిస్టరు ఉత్తరాలు రాసింది. మూడింటికీ ముద్ర తనే కొట్టింది. అతను మాత్రం, వచ్చే ఏడు చూద్దాం అక్కా, అంటూ తప్పించుకు తిరిగాడు.

వచ్చే ఏడు వచ్చింది. గడువులోగా చేరాలి, "చేరింది" అని రాయించాలి. ఆవిడకు ఇంకేం అక్కర్లేదు.

ఈ పరుగులో అందరికంటే వెనక ఒక మనిషిని పెడతారు. వీపుకు చీపురు, నడుముకు గజ్జెలు కడతారు. చివరివాళ్ళను అతను దాటకూడదు. అతను చేరితే పరుగు ముగిసినట్టే. మధ్యలో మానేసినవాళ్ళను ఎక్కించుకోవడానికి క్లబ్బు జీపు ఒకటి తిరుగుతుంటుంది. ఈసారి ఆ పని బిద్దప్ప బావమరిది అప్పచ్చుది. నాలుగో కిలోమీటరుకే మిగతావాళ్ళంతా మంచులో కలిసిపోయారు. మిగిలింది చోందమ్మ, వెనక గజ్జెలు.

"అక్కా, జీపెక్కరాదూ. ఈ వయసులో ఎవరికి చూపించాలని?"

"నోరు మూసుకుని పరుగెత్తు."

కాసేపటికి గజ్జెలు ఆగిపోయాయి. ఆవిడ పట్టించుకోలేదు.

మంచులోంచి రాతి స్తంభాలు బయటపడ్డాయి. టార్చి వెలుగు రెండు మూరలు కూడా పారడం లేదు. కాఫీ ఆకుల మీంచి నీళ్ళు చుక్కచుక్కగా రాలుతున్నాయి... తన ఊపిరి... తన అడుగులు... ఆ తర్వాత —

ఘల్లు.

మెడ మీద వెంట్రుకలు లేచాయి. మళ్ళీ ఘల్లు... ఘల్లు... వీపు వెనకే. తడిసిన తోలు వాసన, కరిగిన లక్క వాసన. ముప్పై ఏళ్ళుగా రోజూ పీల్చే టపా సంచి వాసన. తన బట్టలకే పట్టిందేమో అనుకుంది. తల తిప్పబోయి ఆగింది. అప్పచ్చుగాడే. భయపెట్టి జీపెక్కించాలని చూస్తున్నాడు. అంతే, భయమంతా కోపమైపోయింది.

"నేను చూడను," అంది పళ్ళు బిగించి. "నా వెనకే ఉండు. దాటావంటే కాళ్ళు విరగ్గొడతా."

గజ్జెలు రెండడుగులు వెనక్కి తగ్గాయి.

పదిహేనో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడింది. గజ్జెలూ ఆగాయి. జీపెక్కమని ఎవరూ అనలేదు. ఇవాళేమిటో ఈ మర్యాద అనుకుంటూ, పిక్క పిసుక్కుంటూ, తల దించుకుని అందరినీ తిట్టింది — బిద్దప్పను, ముఖ్య అతిథిని, కడిగేసిన గిన్నెను. చివరికి దొరను కూడా.

"చేరడానికే పరుగెత్తినవాణ్ణి పరారీ అని రాశారు. నన్నూ అలాగే రాశారు. వింటున్నావా?"

సన్నగా, ఒక్కసారి... ఘల్లు.

లేచి పరుగందుకుంది.

ఎనిమిదీ పదికి హొళెబాణె చేరింది. మంచు ఇంకా విడలేదు. బిద్దప్ప రిబ్బను ఒక కొస విప్పేసి చుడుతున్నాడు. జీపు బానెట్టు మీద కూర్చుని అప్పచ్చు పంది కూర తింటున్నాడు. చీపురూ గజ్జెలూ జీపు అద్దానికి వేలాడుతున్నాయి.

చోందమ్మ గీత దాటి, బల్ల మీది కాగితం లాక్కుని, తన పేరు పక్కన "చేరింది" అని తనే రాసింది. అప్పుడు చూసింది ఆ గజ్జెలను.

"నువ్వెప్పుడొచ్చావు?"

అప్పచ్చు తింటున్నది పక్కన పెట్టాడు. గేటు రాకముందే భయమేసిందట. ఎస్టేటు అడ్డదారిలో జీపెక్కి వచ్చేశాడట. అక్క మానేసి వెళ్ళిపోయిందని చెప్పాడట.

"మరి నా వెనక..."

రోడ్డు మలుపులో, తెల్లటి మంచులో — ఘల్లు... ఘల్లు. అక్కడున్న పదిమందీ విన్నారు. జీపు అద్దానికున్నవి కదల్లేదు.

"రిబ్బను కట్టు," అంది చోందమ్మ.

"అక్కా, అది..." అన్నాడు బిద్దప్ప గుసగుసగా.

"గడువు ఇంకా ఉంది. దారిలో మనిషుండగా విప్పేయమని నీకెవడు చెప్పాడు? కట్టు."

బిద్దప్ప కట్టాడు. గజ్జెలు దగ్గరపడ్డాయి... ఇంకా దగ్గర. గాలి లేదు. ఆకు కదల్లేదు. రిబ్బను మాత్రం నడిమిలో ముందుకు ఉబ్బి, పుటుక్కున తెగి రోడ్డు మీద పడింది. తడి తోలు వాసన ఒక్కసారి అందరి మీదుగా వెళ్ళిపోయింది.

చోందమ్మ తన పేరు కింద రాసింది: "చోమ. చేరాడు."

బిద్దప్ప కాగితం మీదికి వంగాడు. "వేళ... ఏమని రాయాలక్కా?"

"అతను వేళకే బయల్దేరాడు," అంది చోందమ్మ, కలం అతని ముందుకు విసిరి. "ఆలస్యం మనది. అది రాయి."