నేను అడగని ప్రశ్న

"థీసిస్ మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టకు హిమజా," అనేవారు మా గైడ్ పద్మప్రియ మేడమ్. "ముందు పద్ధతి రాయి, తర్వాత ఫలితాలు. పరిచయం చివర్లో రాసుకోవచ్చు. ఫలితాల్లో ఏం జరిగిందో మాత్రమే ఉండాలి. ఎందుకు జరిగిందన్నది చర్చలోకి వెళ్ళాలి. రెండూ కలిపేస్తే నేను సంతకం పెట్టను."

నాది బీఏ సైకాలజీ ఆఖరి సంవత్సరం. చప్పుడు లేని చీకటి గదిలో ఒంటరిగా కూర్చుంటే మనిషికి లేని శబ్దాలు వినిపిస్తాయా, 'ఈ గదిలో ఏదో ఉందట' అని ముందే చెబితే ఇంకా ఎక్కువగా వినిపిస్తాయా అన్నది నా అంశం. వచ్చినవాళ్ళని రెండు గుంపులు చేశాను. ఒక గుంపుకి నేను అల్లిన దెయ్యం కథ చెప్పాను. రెండో గుంపుకి ఏమీ చెప్పలేదు.

గది ఇచ్చింది క్రాంతికుమార్ అన్న. ఫిల్మ్ నగర్‌లో ఆయనకి చిన్న డబ్బింగ్ థియేటర్ ఉంది. మధ్యాహ్నాలు ఖాళీ. ఆ బరువైన తలుపు మూస్తే బయటి హారన్లు టక్కున ఆగిపోయేవి. లోపల పాత కార్పెట్ వాసన. లైటు ఆపితే పట్టపగలే మన చెయ్యి మనకి కనపడదు. మింగిన గుటక కూడా పెద్దగా వినిపిస్తుంది. నేనూ, నా స్నేహితురాలు వర్ణికా అద్దానికి ఇవతల, మిక్సింగ్ గదిలో కూర్చునేవాళ్ళం.

కథ విన్నవాళ్ళు నిరాశపరిచారు. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదన్నారు.

రెండో గుంపులో మొదట వచ్చింది కొమురమ్మ. కృష్ణానగర్‌లో ఉంటుంది, సినిమాల్లో గుంపు సీన్లలో నిలబడుతుంది. లోపల ఆమె ఏదో గొణగడం మైకులో వినిపించింది. తనలో తను మాట్లాడుకుంటోందనుకున్నాను. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గిప్పుడు ఎచ్చగైంది బిడ్డా. లోపల మస్తు సల్లగ, తడితడిగుండె నీ చెయ్యి."

"నేను లోపలికి రాలేదమ్మా."

"పక్కన కూసొని అడిగినవ్ గదా!"

పెద్దావిడ, తికమకపడిందనుకున్నాను. తర్వాత వచ్చిన మౌళి డాన్స్ అసిస్టెంట్. కుర్రాడు, చురుకైనవాడు. బయటికొచ్చి మొహమాటంగా నవ్వాడు.

"చెప్పకుండా లోపలికొస్తే ఎలాగండీ? అదిరిపోయాను. పైగా అదేం ప్రశ్న?"

"ఏం ప్రశ్న?"

"అద్దం అవతల కూర్చున్న అమ్మాయి పేరేంటి అన్నారు. మీ గొంతుతో మీ పేరే అడుగుతున్నారు. హిమజ అని చెప్పాను. నవ్వారు."

రెండో గుంపులో మిగిలినవాళ్ళు కూడా ఇదే చెప్పారు. ఒకరికొకరు తెలియనివాళ్ళు.

మేడమ్ నమ్మలేదు. "ఎవరో నిన్ను ఆటపట్టిస్తున్నారు. రాసేముందు ఒకసారి నువ్వే కూర్చుని చూడు," అన్నారు.

కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్ ఒక చెవికి పెట్టుకున్నాను, అవసరమైతే వర్ణిక బయట్నుంచి మాట్లాడుతుందని. లైటు ఆరింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే నలుపు. నా ఊపిరి... నా గుండె... కార్పెట్ వాసన మెల్లగా చిక్కబడింది. ఎంతసేపైందో తెలీదు. అనుకున్నంత భయం వెయ్యలేదు. కాస్త నవ్వు కూడా వచ్చింది.

ఒక చెయ్యి నా చేతిని పట్టుకుంది.

"అయిపోయింది. రా," అంది వర్ణిక, చెవి దగ్గర గుసగుసగా.

లేచాను. అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వర్ణిక గొంతు.

"ఏయ్, కుర్చీ కదిలింది. లేచావా? ఇంకా టైముంది."

"నువ్వు... ఎక్కడున్నావ్?"

"ఇక్కడే, మైకు దగ్గర. హిమజా... రెండు ఊపిర్లు వినిపిస్తున్నాయేంటి?"

చేతి మీద పట్టు బిగిసింది. తడిగా, చల్లగా... ఎముక దాకా చల్లగా. నేను అరిచాను. లైటు వెలిగింది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కానీ డిగ్రీ చేతికి రావాలంటే థీసిస్ ఇవ్వక తప్పదు. ఫలితాల చాప్టర్లో జరిగింది జరిగినట్టే రాశాను. చర్చ దగ్గర పెన్ను కదల్లేదు. మేడమ్ చదివి కాగితాలు పక్కన పెట్టారు. "పాల్గొన్నవాళ్ళందరికీ ఆ ప్రయోగం దేనికో, దెయ్యం కథ నువ్వు అల్లిందేనని చెప్పెయ్యాలి. అది నియమం. ఫోన్లు చేసి ముగించు," అన్నారు.

యూసుఫ్‌గూడలో మా ఇంట్లో కూర్చుని ఒక్కొక్కరికీ చేశాను. ఏప్రిల్ ఎండ. కిటికీ ఊచ ముట్టుకుంటే కాలుతోంది. చివరికి కొమురమ్మకి చేశాను.

"అమ్మా, నేను హిమజని. ఆ డబ్బింగ్ థియేటర్లో..."

ఆమె నవ్వింది. "ఏంది బిడ్డా, నా తలుపు కాడ నిలవడి నాకే ఫోన్ జేస్తున్నవ్? లోపలికి రారాదు?"

"మీ తలుపు దగ్గర ఎవరున్నారు?"

"నువ్వే గదా. కిటికీల కెల్లి అవుపడుతున్నవ్."

"అమ్మా, నేను మా ఇంట్లో ఉన్నాను. తలుపు తియ్యకండి. లోపలికి పిలవకండి... అమ్మా!"

"ఏమంటున్నవో జర ఇనవడ్తలే. ఆగు, తీస్తున్న."

గొళ్ళెం జారిన చప్పుడు.

"అయ్యో," అంది కొమురమ్మ. నాతో కాదు, ఎదురుగా ఉన్నవాళ్ళతో. "గింత ఎండల గిట్ల తడిసి ముద్దయినవేంది బిడ్డా?"