డమ్మీ పేషెంటుకి ఆకలేసింది

"ఏమైనా తిన్నారా?" అని అడిగింది అమ్మడు.

"లేదండీ, పొద్దుట్నుంచీ ఏమీ లేదు" అన్నాడు మంచం మీదున్న పేషెంటు.

అంతే, కొంప మునిగింది.

ఎందుకంటే అతను అసలు పేషెంటే కాదు. పగలు చెప్పుల షాపులో సేల్స్‌మాన్, సాయంత్రాలు నాటకాల్లో చిన్నాచితకా వేషాలు. నర్సింగ్ కాలేజీవాళ్ళు ప్రాక్టికల్ పరీక్షలప్పుడు అతన్ని పిలిపించి, ల్యాబ్‌లో మంచమెక్కించి, ఏ జబ్బో ఎలా మాట్లాడాలో రాసిన కార్డు ఒకటి చేతిలో పెడతారు. పోయినసారి గుండెపోటు, అంతకుముందు కామెర్లు. అమ్మాయిలంతా అతన్ని డమ్మీ అని పిలుస్తారు. అతను కూడా హాయిగా పలుకుతాడు.

ఈసారి వేషం, ఆపరేషన్‌కి వెళ్ళబోయే కడుపునొప్పి మనిషి. కార్డు ప్రకారం గంట క్రితమే కడుపునిండా తిన్నాడు, కానీ అడిగితేనే చెప్పాలి. నిండు కడుపుతో ఉన్నవాడికి మత్తు ఇవ్వకూడదు కాబట్టి, ఆ సంగతి రాబట్టిన అమ్మాయి పాస్. అమ్మడు అడగనైతే అడిగింది. డమ్మీ నోరు జారి, కార్డులోది కాకుండా తన సొంత నిజం చెప్పేశాడు. "ఖాళీ కడుపే మేడమ్, పంపొచ్చు" అంది అమ్మడు ధీమాగా. ట్యూటర్ మేడమ్ ఆమె పేరుకి ఎదురుగా ఫెయిల్ అని రాసింది.

వరండా చివర క్యాంటీన్‌లో అతను బన్ను కొరుకుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏవండీ డమ్మీగారూ! ఇప్పుడు తింటున్నారా? చాలా సంతోషం. మీరు తినలేదన్నందుకు నా ఏడాది పోయింది."

"నేనేం చేశానండీ?"

"కార్డులో కడుపునిండా తిన్నారు కదా! మరి ఖాళీ కడుపని నాకే ఎందుకు చెప్పారు?"

బన్ను అతని గొంతులోనే ఆగిపోయింది. రెండు గుక్కల నీళ్ళు తాగి, "అయ్యో, నిజమే" అన్నాడు. "తప్పు మీదేనండీ."

"నాదా?"

"అంటే... మీరడిగిన తీరుది. మిగతావాళ్ళంతా 'చివరిసారిగా ఆహారం ఎప్పుడు తీసుకున్నారు' అన్నారు. అలా అంటే నాకు కార్డు గుర్తొస్తుంది. మీరు ఇంట్లోవాళ్ళు అడిగినట్టు తిన్నారా అన్నారు. పొద్దున షాపులో సరుకు దిగి, టిఫినుకి టైమ్ లేదు. ఎవరో ఒకరు అడిగారు కదా అని వెంటనే..."

"మీకు ఆకలేస్తే నా పరీక్ష మీద పడతారా?" అంది అమ్మడు. గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. గడగడా మాట్లాడే మనిషి అలా ఆగిపోయేసరికి అతనికి బన్ను రుచి పోయింది.

అమ్మడి ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి అమ్మడే. నాన్న ఇళ్ళకి రంగులేస్తాడు. అమ్మ టైలరింగ్. ఆ ఇంట్లో పెద్ద మాట మేనత్తది. "మన ఇళ్ళల్లో ఎవరు చదివారనే ఇది చదవడానికి? నాలుగు డబ్బాలు సర్దడం నేర్చుకుంటే బాబాయి రంగుల కొట్లో కూర్చోవచ్చు" అని ఆవిడ తీర్పు. నాన్న చెల్లెలికి ఎదురు చెప్పలేక, కూతురికి అడ్డు చెప్పలేక, మధ్యేమార్గంగా ఒక మాట అన్నాడు. "వెళ్ళు తల్లీ. కానీ ఎక్కడైనా ఆగిపోయావంటే మాత్రం నేనింక మీ అత్త నోరు మూయించలేను." ఆగిపోవడమంటే ఇదే. ఫెయిలైతే ఏడాది మళ్ళీ చదవాలి. మళ్ళీ చదవాలంటే ఇంటికెళ్ళి చెప్పాలి. చెప్తే కొట్లో స్టూలు వేసి రెడీగా ఉంచుతారు.

డమ్మీ అప్పటికప్పుడు ట్యూటర్ మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు. తప్పు తనదేనన్నాడు. మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నీది సగం. ఆపరేషన్‌కి పంపే మనిషిని ఒక్కసారి అడిగి వదిలేస్తారా? ఇంకోలా తిప్పి మళ్ళీ అడగాలి. ఆ సగం ఆ అమ్మాయిది. రీటెస్టు పెడతాను. ఈసారి బయటి కాలేజీ నుంచి పెద్ద మేడమ్ వస్తారు. అదీ పోతే నేనేం చెయ్యలేను."

ఈ మాట అమ్మడికి చేరవేస్తూ, అడక్కుండానే ఇంకో మాట కూడా కలిపాడు. "ప్రాక్టీసుకి మనిషి కావాలంటే నేనున్నానండీ. మధ్యాహ్నం షాపు ఖాళీనే."

అమ్మడు వెంటనే ఒప్పుకోలేదు. కానీ అవసరం అలాంటిది. తోటి అమ్మాయిల్లో చాలామందికి ఇంట్లో అమ్మో అక్కో నర్సులే, వాళ్ళు పక్కన కూర్చుని నేర్పిస్తారు. అమ్మడు ఇంటికెళ్తే కట్టు కట్టడం దిండు మీద నేర్చుకోవాల్సిందే. దిండు నొప్పి పెడుతోందని చెప్పదు కదా!

అలా మధ్యాహ్నాలు ల్యాబ్‌లో మొదలయ్యాయి. మూల బల్ల దగ్గర ట్యూటర్ మేడమ్ పేపర్లు దిద్దుకుంటూ ఉండేది. కిటికీ బయట వాన. లోపల అతనికి రోజుకో జబ్బు.

"బీపీ ఎక్కువుంది" అంది అమ్మడు ఒకరోజు.

"ఇంత దగ్గరగా మీరు కూర్చుంటే ఉండదా?"

"అయితే చెయ్యి ఇక్కడ పెట్టి మీరు పక్క గదిలో కూర్చోండి."

మేడమ్ దగ్గింది. ఇద్దరూ తల దించుకున్నారు. నవ్వు ఆపుకోలేక అమ్మడి భుజాలు కదిలిపోయాయి.

ఇంకోరోజు అతను మంచం మీదనుంచి ఆమె పాదాలవంక తదేకంగా చూశాడు.

"ఏంటా చూపు?"

"కుడి మడమ అరిగిపోయింది. బరువంతా అటే వేసి నిలబడతారు మీరు. ముందు ముందు వార్డుల్లో నిలబడే ఉద్యోగం, నడుం పోతుంది." మర్నాడు షాపు నుంచి బూటు లోపల వేసుకునే మెత్తటి అట్టలు పట్టుకొచ్చాడు. ఎంతిమ్మంటారంటే వినిపించుకోలేదు. ఆ సాయంత్రం బస్టాపు దాకా నడుస్తుంటే, తన కాళ్ళ గురించి ఆలోచించిన మనిషి ఇంతవరకూ ఎవరూ లేరని అమ్మడికి తట్టింది.

"అసలు మీరెందుకు ఈ లైన్‌లోకొచ్చారు?" అని అడిగాడు అతను, చేతికి కట్టు కట్టించుకుంటూ.

"ప్రజలకి సేవ చేయాలని."

"ఇది ఎవరో రాసిచ్చిన డైలాగులా ఉంది."

"అందరూ అదే చెప్తారు."

"మీరు అందరూ కాదు కదా."

అమ్మడు కట్టు కాస్త గట్టిగా లాగింది. అతను "అబ్బా" అన్నాడు. ఆ సంగతి అంతటితో ఆగిపోయింది.

పరీక్షకి ముందురోజు అతను గేటు దగ్గర ఆపాడు. రహస్యంగా మొహం పెట్టాడు.

"రేపేం జబ్బో నాకు చెప్పారు. అది మీకు చెప్పకూడదనుకోండి, చెప్పను. కానీ ఒకటి చేస్తాను. మీరు తడబడితే ఎడమ కన్ను మూస్తాను, చేస్తున్నది తప్పని గుర్తు. జబ్బు కూడా కాస్త తేలిగ్గా లాగించేస్తాను."

మెచ్చుకుంటుందనుకున్నాడు. అమ్మడి మొహం మాత్రం ఎర్రబడింది.

"నా పరీక్ష మీరు రాస్తారా?"

"అది కాదండీ, మీ నాన్నగారు..."

"రేపు వార్డులో నిజమైన పేషెంటు పడుకుంటే మీరొచ్చి కన్ను మూస్తారా? నా చేతికి పని వచ్చిందో లేదో నాకు తెలియాలి. రాకపోతే కొట్లో కూర్చుంటాను, అంతేగానీ మనుషుల ప్రాణాలతో ఆడుకోను. మీరు నిజంగా నా మంచి కోరేవాళ్ళయితే రేపు నటనలో ఒక్క పిసరు తగ్గించొద్దు. తగ్గించారని తెలిస్తే మీ మొహం చూడను."

గొడుగు తెరిచి విసవిసా వెళ్ళిపోయింది. అతను అక్కడే వానలో తడుస్తూ నిలబడ్డాడు. మనసులో దిగులుగానే ఉంది, కానీ ఈ అమ్మాయి తప్ప ఇంకెవరూ వద్దని కూడా అప్పుడే తేలిపోయింది.

పరీక్షరోజు ల్యాబ్‌లో బయటి కాలేజీ పెద్ద మేడమ్ ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. భారీ మనిషి, భారీ చూపు. డమ్మీ కుర్చీలో కూర్చుని డాక్టర్ కోసం ఎదురుచూస్తున్న వేషం. ట్యూటర్ మేడమ్ అతని బంధువు వేషం.

అమ్మడు నమస్తే చెప్పి పేరు అడిగిందో లేదో, అతని మెడ వెనక్కి వాలిపోయింది. కుర్చీ మీంచి జారి నేలమీద పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. తల పక్కనే ఇనుప టేబుల్ కాలు. ఒక్క పిసరు తగ్గించలేదు. నోటి చివర నురగ కూడా తెప్పించాడు మహానుభావుడు.

"అయ్యో, ఫిట్స్! నాలుక కొరుక్కుంటాడు!" అని ట్యూటర్ మేడమ్ వేషానికి తగ్గట్టు గోలపెడుతూ, ఒక చేత్తో అతని చేతులు నొక్కిపట్టి, ఇంకో చేత్తో స్టీలు చెంచా పట్టుకుని అతని నోటి మీదకి వంగింది.

అమ్మడు కొయ్యబారిపోయింది. అడుగు పడలేదు. పెద్ద మేడమ్ పెన్ను ఫైలు మీదకి వెళ్ళింది.

మరుక్షణం గది అదిరేలా అమ్మడి గొంతు లేచింది.

"ఆ చెంచా తియ్యండి! నోట్లో ఏమీ పెట్టొద్దు! చేతులు పట్టుకోవద్దు, వదలండి! మేడమ్, మిమ్మల్నే, ఆ టేబుల్ అటు లాగండి, తల తగులుతుంది!"

పెద్ద మేడమ్ ఉలిక్కిపడి, ఫైలు చంకలో పెట్టుకుని, టేబుల్ లాగేసింది.

అమ్మడు అప్పటికే నేలమీద కూర్చుంది. యూనిఫామ్ మీది స్వెటర్ తీసి అతని తల కింద పెట్టింది. కాలర్ గుండీ విప్పింది, గడియారం చూసుకుంది, డాక్టర్‌ని పిలవమని కేకేసింది. కొట్టుకోవడం తగ్గగానే మెల్లిగా పక్కకి తిప్పి, నోటి నురగ తుడిచి, ఊపిరి చూసింది. అతను కళ్ళు తెరిచాడు.

"భయపడకండి. ఫిట్స్ వచ్చాయి, తగ్గిపోయాయి. మీరు ఆస్పత్రిలోనే ఉన్నారు. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళను."

అయోమయంగా చూడాలని కార్డులో ఉంది. దానికి అతను నటించాల్సిన పని పడలేదు.

పెద్ద మేడమ్ చేతులు దులుపుకుంది.

"పరీక్ష పెట్టే మనిషి చేత టేబుళ్ళు మోయించిన స్టూడెంట్‌ని నా సర్వీసులో చూడలేదు. మొదట ఎందుకలా నిలబడిపోయావు?"

అమ్మడు లేచి నిలబడింది.

"మా తమ్ముడికి ఇలాగే వచ్చింది మేడమ్, నేను స్కూల్లో ఉన్నప్పుడు. ఇంటినిండా మనుషులే. ఒకరు నీళ్ళు కొడుతున్నారు, ఒకరు కాళ్ళు లాగుతున్నారు. మా అత్త చెంచాతో పళ్ళు విడదీస్తోంది, నోట్లోంచి రక్తం. అందరికీ వాడంటే ప్రాణం, ఒక్కరికీ ఏం చెయ్యాలో తెలీదు. పై వాటాలో అద్దెకుండే నర్సమ్మగారు డ్యూటీ నుంచొచ్చి చూశారు. అందర్నీ బయటికి పొమ్మన్నారు. మా అత్త ఎవరి మాటా వినదు మేడమ్, ఆవిడ మాట విని చెంచా కింద పెట్టింది. నన్ను మాత్రం ఉండమని, వాడి తల కింద చెయ్యి పెట్టించారు. కాసేపటికి వాడు లేచి నన్ను చూసి నవ్వాడు. అందరూ సేవ అంటారు. నాకు అంత పెద్ద మాటలు తెలీవు. మా ఇంట్లో ఒక్కరికైనా తెలిసుండాలి అనుకున్నాను. అందుకే వచ్చాను."

నేలమీదున్న డమ్మీ లేవడం మర్చిపోయాడు. ట్యూటర్ మేడమ్ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

"మొదట ఆగినందుకు మార్కులు కోస్తాను" అంది పెద్ద మేడమ్ ఫైలు తెరుస్తూ. "పాసయ్యావు. వెళ్ళు. టేబుల్ చాలా బరువమ్మా."

బయట వాన వెలిసింది. మెట్లమీద అతను స్వెటర్ దులిపి ఇచ్చాడు.

"తగ్గించలేదు" అన్నాడు.

"చూశాను. మోచెయ్యి గీరుకుపోయింది, ఇలా చూపించండి."

"అదలా ఉండనివ్వండి. నాకు మీరంటే చాలా ఇష్టం. నిన్న వానలో నిలబడ్డప్పుడే గట్టిగా తెలిసింది. మీ చదువయ్యేదాకా ఆగుతాను. ఉన్న జతలన్నీ తొడిగి చూసుకుని ఏదీ కొనకుండా పోయే కస్టమర్ ముందు కూడా నవ్వుతూ కూర్చునే ఉద్యోగం నాది. ఆగడం నాకు కష్టం కాదు."

అమ్మడు స్వెటర్ భుజాన వేసుకుంది.

"నాకూ ఇష్టమే" అంది. "కానీ దాచి తిరగడం నావల్ల కాదు. మా ఇంట్లో ముందెవరూ చెయ్యని పనులన్నీ నా వంతుకే వస్తాయి. ఇదీ నేనే చెప్తాను."

అతను వద్దు, ఇప్పుడే వద్దు అనేలోపే ఫోన్ చెవి దగ్గరుంది.

"నాన్నా, పాసయ్యాను! ... అవును నాన్నా, నిజంగానే. ... ఫిట్స్ వచ్చినబ్బాయిని చూడమన్నారు, చూశాను. ... నాన్నా, ఏడవకు. ఇంకో మాట చెప్పాలి. ఆ అబ్బాయంటే నాకిష్టం. పక్కనే ఉన్నాడు."

అవతల నాన్న ఏదో అన్నాడు. అమ్మడు ఫోన్ అతనికందించింది. "మీతో మాట్లాడతాడట."

అతను రెండు చేతులా పట్టుకున్నాడు. "నమస్తే అండీ."

"నువ్వేనా బాబూ ఫిట్స్ వచ్చినవాడివి?" పెయింటర్ గొంతు ఇంకా తడిగానే ఉంది. "ఇప్పుడెలా ఉంది ఒంట్లో?"

అతను అమ్మడివంక చూశాడు. ఆమెకి అంతా వినిపిస్తూనే ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అసలు... అది... తగ్గిపోయిందండీ."

"ఏం సిగ్గుపడకు. మా చిన్నోడికీ వచ్చేవి. మందులేసుకున్నాడు, ఇప్పుడు నాతోపాటు నిచ్చెనలు మోస్తున్నాడు. దానికోసమని మనుషుల్ని వద్దనుకుంటామా? ఆదివారం ఇంటికి రా బాబూ. వాణ్ణి చూస్తే నీకూ ధైర్యంగా ఉంటుంది."

డమ్మీ మొహం పక్కకి తిప్పుకుని, మోచేత్తో కళ్ళు ఒత్తుకుని, "వస్తానండీ" అన్నాడు.