పేరు చెప్పని ధూపం

మా ఊరు తమిళనాడు అంచున, వేప్పనపల్లి దాటి కుప్పం దారిలో ఉంది. ఇల్లు దాటితే మామిడి తోపులు, తోపులు దాటితే ఆంధ్ర. ఆ అమావాస్య సాయంత్రం పెద్దల పటాల ముందు అలికి, ముగ్గు పెట్టి, ధూపం కుండలో నిప్పులు రాజేస్తూ ఉన్నాను. వాకిట్లో మా కొడుకు యోగేష్ వ్యానుతో కుస్తీ పడుతున్నాడు.

అది పాత పెట్రోలు వ్యాను. ఇంజిన్ ముందు సీటు కిందే ఉంటుంది, సీటు ఎత్తి వెనక్కి మడిస్తే కనబడుతుంది. కొన్నాళ్లుగా దానికి జబ్బు. ఇంజిన్ ఆడుతూ ఉండగా బండి నిలిపితే గుర్రుమని లేస్తుంది, వెంటనే దిగిపోతుంది, ఆయాసం వచ్చిన మనిషి మాదిరి. దారిలో నెమ్మదిస్తే చాలు, ఆగిపోతుంది. కోడలు పూర్ణిమకు చూస్తే నెలలు నిండినాయి. నొప్పులు వస్తే క్రిష్ణగిరి ఆసుపత్రి దాకా పోవాలి. మా ఆయన గూడ్సాటోలో టమేటాలు వేసుకుని సూళగిరి పోయినాడు. మాకు ఇక మిగిలింది ఈ వ్యానే.

"తెలిసిందా అప్పా?" అని అడిగినాను.

"దొంగగాలి పోతా ఉండాదమ్మా. గాలి పీల్చే గొట్టాల్లో యాడో చీలిక పడింది. యాడనేదే దొరకలేదు."

యోగేష్ హోసూరులో ఇంజిన్ భాగాలు చేసే కంపెనీలో పని చేస్తాడు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజిన్ మీద అక్కడా ఇక్కడా ఆనిస్తూ వింటున్నాడు.

అరుగు మీద కూర్చున్న పూర్ణిమ నవ్వింది. "నన్ను చూసే డాక్టరమ్మ కూడా ఇంతసేపు చూడలేదు. దానికి ఎన్నో నెలంట?"

"నీకంటే ముందు కంటాదిలే, ఉండు" అన్నాడు వాడు. ముగ్గురమూ నవ్వినాము.

కాసేపటికి గొట్టం పారేసి నన్ను పిలిచినాడు. "అమ్మా, నీ ధూపం ఇట్ల తే. చీలిక ఉండేచోట పొగను లోపలికి లాగేస్తాది. కంపెనీలో దీనికి మిషనే ఉండాది."

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. అమావాస్య ధూపం ఎత్తేటప్పుడు పోయినవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తాము. ఆ పేర్లన్నీ మా అత్త నాకు అప్పజెప్పి పోయింది. పేరు చెప్పకుండా పొగ ఎత్తవద్దని కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. ఎందుకని అడిగితే, "పేరుండే వాళ్లు పిలిస్తే వస్తారు. పేరు లేనివాళ్లు పిలవకపోయినా వస్తారు" అనింది.

"పెద్దలకు ఇంకా చూపించలేదప్పా. పేర్లు పిలవలేదు."

"ఇంజిన్‌ను ఏమని పిలుస్తావమ్మా? పూర్ణిమకు ఈ రాత్రి నొప్పులు వస్తే బండిని మీ పెద్దలు తోస్తారా?"

అదీ నిజమే కదా అనిపించింది. దేవుడికి మనసులోనే దండం పెట్టుకుని కుండ తీసుకుపోయినాను.

పెట్రోలు ఉంది, నిప్పు దగ్గరికి తేవద్దన్నాడు. వ్యాను తలుపు బయట కుండ పెట్టుకుని, సాంబ్రాణి చల్లి, విసనకర్రతో పొగను లోపలికి పంపినాను. పొద్దు వాలిపోయింది. తోపుల్లో చీకటి ముందే దిగింది. యోగేష్ సెల్లు లైటు వెలుగులో పొగ ఇంజిన్ మీద తెల్లగా పరుచుకుంది. ఇంజిన్ లేస్తూ, దిగుతూ ఉంది. సాంబ్రాణి వాసన, కాలిన ఆయిలు వాసన కలిసి గొంతులో పట్టుకుంది.

చప్పున పొగ సన్నగా, దారం మాదిరి అయింది. ఒక గొట్టం మలుపు కిందికి వంగి, లోపలికి పోయింది.

"దొరికింది!" అని యోగేష్ అక్కడ వేలు పెట్టి మూసినాడు. ఇంజిన్ ఆయాసం నిలిచిపోయింది. ఒకే తీరుగా, మెత్తగా ఆడసాగింది. ఎడమ చేత్తో తాళం తిప్పి బండి ఆపినాడు.

నిశ్శబ్దం. తోపులో కీచురాళ్లు కూడా పలకలేదు.

వాడు వేలు తియ్యలేదు.

"చుట్టేదానికి టేపు తెచ్చేదా అప్పా?"

"అమ్మా..." వాడి గొంతు చిన్నదైంది. "ఇంకా లాగుతా ఉండాది."

"బండి ఆపినావు కదా?"

"ఆపినా. బండి లాగే మాదిరి లేదమ్మా ఇది." ఊపిరి బిగబట్టినాడు. "లాగుతాది... విడుస్తాది... లాగుతాది... చప్పరిస్తా ఉండాదమ్మా."

వాడి భుజం పట్టుకుని వెనక్కి గుంజినాను. తడి చప్పుడుతో వేలు ఊడి వచ్చింది. చేయంతా గ్రీసు నల్లగా ఉంది. ఆ ఒక్క వేలు మాత్రం శుభ్రంగా, నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉంది.

చచ్చిన ఇంజిన్ మీద పొగ ఇంకా కదులుతోంది. కొంచెం లోపలికి పోతుంది... ఆగుతుంది... మళ్లీ కొంచెం పోతుంది. ఆకలిగా, తొందర తొందరగా.

అప్పుడు తట్టింది నాకు.

మా అత్తగారి తోడికోడలు చిక్కమ్మ. కాన్పుకు ఎద్దులబండిలో ఇదే దారిన క్రిష్ణగిరికి తీసుకుపోతూ ఉంటే నడిదారిలో పోయింది. బిడ్డ బండిలోనే పుట్టింది. ఒక్క పాలచుక్క నోట పడకుండానే అదీ పోయింది. చిక్కమ్మను ప్రతి అమావాస్యా పిలుస్తాను. ఆ బిడ్డకు పేరే పెట్టలేదు. పేరు లేని బిడ్డను ఏమని పిలుస్తాము?

కుండ మీద మట్టి పోసి నిప్పులు ఆర్పినాను. పొగ రావడం ఆగింది. లోపల ఉన్న పొగ మాత్రం చెదరలేదు.

"అత్తా..." వెనక నుంచి పూర్ణిమ. ఎప్పుడు లేచి వచ్చిందో, కడుపు మీద చేయి పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "బిడ్డ ఏడుస్తా ఉండాది. ఎవరి బిడ్డ?"

"ఏ బిడ్డా లేదు తల్లీ. ఇంట్లోకి పో."

"ఉండాది అత్తా. మీకు వినబడలేదా?" కళ్లల్లో నీళ్లు. రొమ్ము మీద రవిక తడిసి ఉంది. "పాపం... ఆకలికి..."

నేను చేయి చాపినాను, నోరు మూద్దామని. అందలేదు.

"ఏడవద్దు బంగారూ" అనింది లోపలికి వంగి, ఎంతో ముద్దుగా. "వస్తా ఉండా. ఏడవద్దు."

పొగ ఆగింది. గాలిలో అట్లే నిలబడింది, చెవి ఒగ్గి వింటున్నట్టు. తరువాత నెమ్మదిగా తిరిగి... పూర్ణిమ వైపు వచ్చింది. కొంగు తాకి మాయమైంది.

ఆమె "అమ్మా" అని నడుం పట్టుకుంది. నొప్పులు మొదలైనాయి.

ఇంక ఆలోచించే వేళ లేదు. అంబులెన్సుకు ఫోను చేస్తే వేరే కేసుకు పోయింది, ఆలస్యమవుతుందన్నారు. యోగేష్ చీలికకు టేపు చుట్టినాడు. నేను వద్దనలేదు. బండి వద్దంటే బిడ్డ ఏమైతాదో? పోదామంటే ఏమైతాదో? వేంకటేశ్వరుడి నామం చెప్పుకుంటూ ఎక్కినాను.

దారి పొడవునా ఇంజిన్ ఒక్కసారి కూడా తడబడలేదు. అంత మెత్తగా ఆ బండి ఎప్పుడూ ఆడలేదు. వెనక సీట్లో పూర్ణిమ ఎడమ పక్క నేను కూర్చున్నాను. నొప్పి నొప్పికి మధ్య ఆమె కళ్లు మూసుకుని, కుడి పక్కన ఖాళీ సీటును జో కొడుతూ వచ్చింది.

తెల్లవారేలోగా మగబిడ్డ పుట్టినాడు. తల్లీబిడ్డా క్షేమం. ఆసుపత్రి మెట్ల మీద యోగేష్ నన్ను పట్టుకుని చిన్నపిల్లవాడి మాదిరి ఏడ్చినాడు. ఇంటికి వచ్చినాక కార్తిక్ అని పేరు పెట్టుకున్నాము. కార్తిక్‌ను బంగారూ అని ఎవరు పిలవబోయినా నేను మాట మళ్లిస్తాను, ఆ పేరు ఆ రాత్రే ఇంకొకరిది అయిపోయింది.

బిడ్డ ఎడమ పక్కే తాగుతాడు. కుడి పక్కకు తిప్పితే పెదాలు బిగించుకుంటాడు. పాలు గడ్డకడితే జ్వరం వస్తుంది, ఆ పక్క పిండి పారబొయ్యమ్మా అని పూర్ణిమకు చెప్పినాను.

"అక్కర్లేదు అత్తా" అనింది, నా వైపు చూడకుండా.

నిన్న రాత్రంతా కార్తిక్ నా పక్కనే, నా చేతి మీదే నిద్రపోయినాడు. తెల్లవారి బిడ్డను ఇద్దామని పోతే పూర్ణిమ కుడి పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. రవిక సర్దుదామని వంగినాను. కుడి రొమ్ములో చుక్క పాలు లేవు.

దాని చుట్టూ చిన్న నోటి తడి ఇంకా ఆరలేదు.