చేత్తో పిలిచే ఇల్లు

"నిద్ర సూది ఒకటి కావాల మేడం," అన్నాడు మురుగేష్.

అనడం కాదు, అరిచాడు. నగరి పశువుల ఆసుపత్రి వరండాలో కట్టేసిన మేక ఒకటి నెమరు ఆపి అతని వైపు చూసింది.

డాక్టర్ హేమశ్రీ పెన్ను బల్ల మీద పెట్టింది. "నాకు చెవులు బాగానే ఉండాయి. మెల్లిగా చెప్పండి. సూది ఎవరికి?"

"కుక్కకి."

"నిద్ర పట్టనిది ఎవరికి?"

మురుగేష్ కాస్త ఆలోచించాడు. "వీధి మొత్తానికి."

"అట్లయితే వీధి మొత్తానికీ వెయ్యాల. ముందు మీరు చెయ్యి చాపండి."

ఇంకో రోజైతే ఆ మాటకి పడీ పడీ నవ్వేవాడే. నవ్వి నాలుగు నెలలైన మనిషి కాబట్టి, మోపెడ్ మీద పాత చీరలో చుట్టి తెచ్చిన కుక్కను ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాడు. పేరు మణి. వయసు పదమూడేళ్ళు. మూతంతా నెరిసిపోయింది. ఎక్కడికి తెచ్చారో తెలియక అతని మోచేతి కింద తల దూర్చుకుంది.

మురుగేష్ వాళ్ళది ఏకాంబరకుప్పం. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు మరమగ్గాలు, వాటి మీద లుంగీలు నేస్తారు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన వాళ్ళ గొంతులు అలాగే ఉంటాయి. ఆ సంగతి ఈవిడకి చెప్పాలా వద్దా అనుకుని, చెప్పకుండానే అసలు విషయానికి వచ్చాడు.

మణి రోజూ రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా మూలుగుతుంది. మొరగదు, సన్నగా, ఆగకుండా ఏడుస్తుంది. తండ్రి గంగులప్ప పోయి నాలుగు నెలలు. కుక్క అలా ఏడుస్తోందంటే ఇంకో మనిషిని పిలుస్తున్నట్టేనని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. దానికి తగ్గట్టు తల్లి కుప్పమ్మ ఈ మధ్య రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. ఇక మేనమామ దేవరాజులు ఊరుకుంటాడా? ఆదివారం ఆటో తెచ్చి కుక్కను పుత్తూరు కొండ అవతల వదిలేసి వస్తానని తేల్చి చెప్పేశాడు.

హేమశ్రీ ఎగతాళి మానేసింది. మణి వెనక కాళ్ళు వంచి చూసింది, కళ్ళలోకి టార్చి వేసింది.

"కీళ్ళు అరిగినాయి. కళ్ళల్లో పొర వచ్చుండాది. మసక వెలుతురులో దీనికి ఏమీ కనపడదు. చెవులు ఎట్లుండాయి? పిలిస్తే వస్తాదా?"

"ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తాది."

ఆ మాట అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

ఆమె కీళ్ళ నొప్పికి మాత్రలు రాసింది. "నిద్ర సూది మాత్రం వెయ్యను. ఎందుకు ఏడుస్తాదో తెలీకుండా నోరు మూయిస్తే అది వైద్యం కాదు."

"అయితే ఆదివారం లోపల తెలుసుకోండి," అన్నాడు మురుగేష్, మళ్ళీ అరుస్తూ. మేక మళ్ళీ చూసింది.

శనివారానికి మణి గడప ఎక్కగలిగింది. ఏడుపు మాత్రం తగ్గలేదు. మురుగేష్ ఎర్రబడ్డ కళ్ళతో ఆసుపత్రికి వచ్చి నిలబడితే, హేమశ్రీ ఏమీ అడగకుండానే విషయం గ్రహించింది.

"రాత్రిళ్ళు అది యాడ పండుకుంటాదో నేను సూడాల," అంది.

ఆ 'సూడాల' విని మురుగేష్‌కి కాస్త ధైర్యం వచ్చింది. "మీది యా ఊరు మేడం?"

"కాణిపాకం. గుడి ముందర మా నాయనకి టెంకాయల అంగడి. మీ మాదిరే అరుస్తాడు. అలవాటే లెండి."

ఆ సాయంత్రం సన్నటి తుంపరలో స్కూటీ మీద వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ షెడ్డు గుమ్మంలో నిలబడింది. తడిసిన వెంట్రుక ఒకటి ఆమె చెంపకు అంటుకుని ఉంది. అది అక్కడ ఎందుకుందో, ఆమెకు తెలుసో లేదో అని మురుగేష్ ఆలోచిస్తుండగా పడుగులో రెండు పోగులు తెగిపోయాయి. అతను చూసుకోలేదు. ఇంట్లోకి తెరుచుకునే లోపలి గుమ్మంలో నుంచే కుప్పమ్మ చూసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి లాగినట్టు చేసి కొడుక్కి చూపించింది.

మగ్గాలు నడిచే షెడ్డులో మాట పనికిరాదు. అలా వేళ్ళతో లాగితే పోగు తెగిందని. రెండు వేళ్ళు పెదాలకు ఆనిస్తే టీ. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని తర్వాత వేలు నేల వైపు చూపిస్తే, 'నేనీడే ఉంటా' అని. రోజూ రాత్రి పదింటికి కొడుకును పడుకోవడానికి పంపిస్తూ గంగులప్ప చేస్తూ వచ్చిన సైగ అది.

హేమశ్రీ అతని దగ్గరికి వచ్చి చెవిలో అరవాల్సి వచ్చింది. "మణిని పిలవండి."

మురుగేష్ తొడ మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. మూలన లైటు కింద పడుకుని అతన్నే చూస్తున్న మణి లేచి, కుంటుకుంటూ వచ్చింది.

"పిలవండి అన్నా. చెయ్యాడించమన్లా."

"పిలవడమంటే ఇదే కదా మేడం?"

హేమశ్రీ అతని వైపు ఒక రకంగా చూసింది. రెండు మగ్గాలూ ఆపించింది. మణి వెనక్కి వెళ్ళి పేరు పెట్టి పిలిచింది. చప్పట్లు కొట్టింది. కుప్పమ్మ చేతిలోని స్టీలు పళ్ళెం తీసుకుని గరిటెతో ఠంగుమని మోగించింది. పక్కింటి వాళ్ళు తొంగి చూశారు గానీ మణి చెవి కూడా కదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు మురుగేష్. అంత మెల్లగా అతను మాట్లాడగా ఆమె వినడం అదే మొదటిసారి.

"ఏడాదో, రెండేండ్లో. ఇంట్లో అందురూ చేత్తోనే పిలస్తా ఉంటే ఎవురికి తెలస్తాది?"

అప్పటికే మణి తల ఎత్తింది. అటూ ఇటూ వాసన చూసింది. నేలకు గడ్డం ఆనించింది, మళ్ళీ ఎత్తింది. సన్నగా మూలుగు మొదలైంది.

హేమశ్రీ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కడప బండ మీద అరచెయ్యి పరిచింది. చాలాసేపు అలాగే ఉంది.

"రాత్రిపూట దీనికి కనపడదు. ఎప్పుడూ ఇనపడదు. మగ్గం ఆడతా ఉంటే ఈ బండ అదురుతాది. అదురుతా ఉంటే మనుషులుండారని లెక్క. ఆగిపోతే ఇల్లంతా ఖాళీ అయినట్టే. మిమ్మల్నే ఎతుకుతా ఉండాది. ముందు రాత్రిళ్ళు మగ్గం ఆడేదా?"

"నాయన ఆడించేవాడు. పదింటి నుంచి నాలుగు దాకా."

"అయితే ఆడించండి."

"నేను ఆడించను," అన్నాడు మురుగేష్.

ఆమె ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు కాదేమో. తుంపర రేకుల మీద పడుతుంటే, కుప్పమ్మ లోపలికి వెళ్ళేదాకా ఆగి, తనంతట తనే చెప్పాడు.

"నూలైపోతే మగ్గం దానికదే ఆగాల. ఆపే కొక్కెం అరిగిపోయి శానా కాలమైంది. రేపు చేయిస్తా, ఎల్లుండి చేయిస్తా అంటా ఉన్నా. ఆ రాత్రి నాయన ఎప్పుడు పడిపోయినాడో తెలీదు. మగ్గం మాత్రం ఉత్తగా ఆడతానే ఉన్నింది. ఆ సప్పుడు ఇనపడతా ఉంటే నాయన బాగుండాడని మేం పండుకున్నాం. నాలుగైనా ఆగలేదని అమ్మ పోయి సూసింది."

హేమశ్రీ చెయ్యి ఇంకా బండ మీదే ఉంది.

"మణి ఆయన కాళ్ళ కాడే ఉన్నింది. అది అరిసే ఉంటాది. ఆ సప్పుడులో ఎవురికి ఇనపడతాది? ఆ మగ్గం మాకు అబద్ధం చెప్పింది మేడం. రాత్రిపూట దాని సప్పుడు నేను ఇనలేను."

ఆమె కళ్ళు తడిశాయి. దాచుకోలేదు కూడా. లేచి స్కూటీ తాళం తీసుకుంటూ, "మిమ్మల్ని ఏం చెయ్యమనీ చెప్పను. అది ఎందుకు ఏడస్తాదో తెలుసుకోమన్నారు, తెలుసుకున్నా," అంది.

ఆ రాత్రి పదింటికి మణి మొదలుపెట్టింది. మురుగేష్ దిండు చెవుల మీద నొక్కుకున్నాడు. పొద్దున్నే ఆటో వస్తుంది. పుత్తూరు కొండ అవతల కళ్ళూ చెవులూ లేని ప్రాణి ఎన్ని గంటలు బతుకుతుంది? లేచి షెడ్డులోకి వెళ్ళాడు. చీకట్లో కాలికి ఎవరో తగిలారు. కుప్పమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, మణి వీపు మీద చెయ్యి వేసి ఉంది.

"నువ్వేంది మా ఈడ?"

"నాకు మాత్రం యాడ నిద్ర పడతాది రా మురుగా?" అంది కుప్పమ్మ. "ముప్పై ఏండ్లు ఆ సప్పుడులోనే పండుకున్నా. అది ఆగిపోయినకాడి నుంచి నాకూ ఇల్లు ఖాళీగానే ఉండాది. ఇది ఏడస్తాది, నేను ఏడవను. అంతే తేడా."

నాలుగు నెలలుగా తల్లి కళ్ళు ఎందుకు తిరుగుతున్నాయో మురుగేష్‌కి అప్పుడు అర్థమైంది. డాక్టర్లు రాసిన మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి, నిద్ర మాత్రం ఎక్కడా లేదు. తన బాధ చూసుకుని ఇంట్లో ఇంకో ఇద్దరి బాధను చూడలేదు.

లైటు వేశాడు. తండ్రి మగ్గం ముందు నిలబడ్డాడు. ఆ అరిగిపోయిన కొక్కెం మార్చడానికి కొత్తది కొని రెండు నెలలైంది, గూట్లోనే ఉంది. దాన్ని బిగించడానికి అరగంట పట్టింది. నిజానికి పది నిమిషాల పని అది. తర్వాత స్విచ్చి వేశాడు.

బండ అదిరింది. మణి మూలుగు మధ్యలో ఆగింది. మెల్లగా గడ్డం నేలకు ఆనించి, కాళ్ళు చాపుకుంది. పావుగంటకి కుప్పమ్మ తల గోడ మీదికి వాలిపోయింది. మురుగేష్ నేస్తూనే ఏడ్చాడు. ఆ చప్పుడులో ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరికీ వినపడదు కాబట్టి కడుపు నిండా ఏడ్చాడు.

ఆదివారం ఆరింటికి దేవరాజులు ఆటోతో దిగాడు. తలుపు కొట్టాడు, ఎవరూ తీయలేదు. షెడ్డులోకి వచ్చి చూస్తే, నూలైపోయి దానికదే ఆగిన మగ్గం పక్కన అక్క, మేనల్లుడు, కుక్క ముగ్గురూ బండల మీదే గురక పెడుతున్నారు. ఎంత పిలిచినా లేవకపోయేసరికి వీధి చివర టీ తాగేసి, ఆటోవాడికి ఏదో సర్దిచెప్పి వెళ్ళిపోయాడు. మణి ఏడుపు ఆగాక కొండ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ వీధిలో రాత్రి మగ్గం చప్పుడుకి నిద్ర చెడే వాళ్ళు ఎవరూ లేరు.

సంగతి విని హేమశ్రీ సంతోషించింది. సంతోషిస్తూనే కేకలేసింది. "రాత్రంతా ఆడిస్తే ఇంక నిద్ర సూదికి మీరే రావాల. రెండు గంటలు ఆడించండి. ఆపేముందర దాని పక్కనే చాప వేసుకుని, వీపు మీద చెయ్యేసి పండుకోండి. చిన్న లైటు ఒకటి ఎలగనీండి. మనిషి ఉండాడని దానికి తెలస్తే సాలు."

అలాగే చేశాడు. మణి కీళ్ళ సూది కోసం ప్రతి శుక్రవారం హేమశ్రీ ఇంటికే రావడం మొదలుపెట్టింది. సూదికి అయిదు నిమిషాలు, టీకి గంట. కుప్పమ్మకి అంతా తెలుసు, అడగదు. హేమశ్రీ సైగలు నేర్చుకుంది. టీ అడగబోయి పోగు తెగిందని చూపిస్తే మురుగేష్ మగ్గమంతా వెతికి, చివరికి సంగతి తెలిసి నవ్వాడు. ఆ నవ్వు చూడటానికి ఆమె తర్వాత రెండుసార్లు కావాలనే తప్పు చూపించింది.

మురుగేష్ ఆమెను ప్రేమించాడు. ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషికి ఆ ఒక్క ముక్క చెప్పడానికి గొంతు రాలేదు.

కార్తీక మాసంలో, వాన జోరుగా కురుస్తున్న ఒక శుక్రవారం ఆమె అంది: "నాకు పలమనేరుకి బదిలీ అయ్యేట్టుండాది."

అతను మణి చెవి నిమురుతూ, "మంచి ఊరు. సల్లగా ఉంటాది," అన్నాడు.

ఆమె అతన్ని కాసేపు చూసి, టీ తాగకుండానే వానలో వెళ్ళిపోయింది. వారం రోజులు మురుగేష్ తనని తాను తిట్టుకోని తిట్టు లేదు.

తర్వాతి శుక్రవారం రెండు మగ్గాలూ నడుస్తుండగా గుమ్మంలో నీడ పడింది. హేమశ్రీ. చేతిలో బదిలీ కాగితం. ఏదో చెప్పింది, వినపడలేదు. మురుగేష్ మగ్గం ఆపడానికి స్విచ్చి వైపు చెయ్యి చాచాడు. వద్దని తల ఊపింది.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. తర్వాత వేలు నేల వైపు చూపించింది.

నేనీడే ఉంటా.

మురుగేష్ కదల్లేదు. ఇదీ తప్పుగా చూపించిందేమోనని ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నవ్వలేదు. మళ్ళీ ఇంకా మెల్లగా, ఒక్కొక్కటీ విడివిడిగా చూపించింది. అప్పుడు అతను కూడా నూలు ధూళి అంటిన చెయ్యి తన గుండె మీద పెట్టుకుని, నేల చూపించాడు. పడుగులో పోగులు టపటపా తెగాయి, ఇద్దరూ చూసుకోలేదు.

లోపలి గుమ్మంలో కుప్పమ్మ నిలబడి ఉంది. ఆ సైగ ఆమె మళ్ళీ ఈ ఇంట్లో చూస్తాననుకోలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. హేమశ్రీ దగ్గరికి వచ్చి చెంప మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తన కళ్ళకు అద్దుకుంది. తర్వాత రెండు వేళ్ళు పెదాలకు ఆనించి, మూడు వేళ్ళు చూపించి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మణి అదిరే బండకు గడ్డం ఆనించి నిద్రపోతోంది.