పంపు మూలుగు

ఎనిమిదో కారు తీర్పు మీద వేలిముద్ర వేసి, నాంచారమ్మ తొమ్మిదో దాన్ని రమ్మంది.

ఆమె పనిచేసే పదకొండో గడిలో దారిపట్టీ కదిలింది. ఉప్పుగాలి తలుపులు తినేసిన తెల్లటి పాత కారు ఒకటి దాని మీద నెమ్మదిగా లోపలికొచ్చి ఆగింది. పైనుంచి తనిఖీ యంత్రం నిదాని చేతులు దిగాయి. ఒకటి బానెట్ కింద దూరింది. ఒకటి ట్యాంకును తడిమింది. మూడోది తాళం తిప్పింది.

ఇంజను తిరిగింది కానీ అంటుకోలేదు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"పీడనం సున్నా," అంది నిదాని. ఆడా మగా కాని గొంతు. "ఇంధన పంపు నిర్జీవం. ఈ రకం పంపు తయారీలో లేదు. వాహనం నలుగుడుకు అర్హం. సాక్షి గడువు ఇరవై నిమిషాలు."

విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి గడులు నలభై. ప్రతి గడి వెనకా ఒక నలుగుడు గది. చెరకు పెట్రోలుతో నడిచే ప్రతి పాత బండీ ఏడాదికోసారి ఇక్కడ హాజరు వేయించుకోవాలి. మూడు తిప్పుల్లో అంటుకోకపోతే వెనక తలుపు తెరుచుకుంటుంది, లోపలికెళ్ళిన బండి మంచమంత రేకుగా బయటికొస్తుంది. అయితే యంత్రం ఒక్కటే ఆ మాట తేల్చకూడదని చట్టంలో ఓ మూల రాసి ఉంది. ఒక మనిషి కూడా చూసి వేలిముద్ర వేయాలి. ఆ మనిషిని సాక్షి అంటారు.

నాంచారమ్మ పన్నెండేళ్ళుగా సాక్షి. నిదాని చెప్పింది తప్పని ఈ పన్నెండేళ్ళలో ఆమె ఒక్కసారీ అనలేదు. నలభై గడుల్లో ఎవరూ అనలేదు.

ఆ ఉద్యోగం మీద ఆమెకు విసుగు లేదు. పెట్రోలు బండ్ల రిపేరు షెడ్లన్నీ ఒక్క నెలలో మూతపడినప్పుడు, తన షెడ్డుకు తాళం వేసి రోడ్డు మీద నిలబడ్డ మనిషి ఆమె. పర్యవేక్షకుడు ముక్కంటిగారు కబురుపెట్టి సాక్షుల జాబితాలో పేరు రాయించారు. ఇల్లు నిలబడింది ఆ జీతంతోనే. పొద్దున్నే ఈ గేటు చూసి మనసులో దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

వేలు పలక మీద పెట్టబోతుంటే పసుపుగీత దాటి ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఒంటి మీద నర్సు కోటు, కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎండిపోయిన బురద.

"గీత దాటకూడదమ్మాయ్."

"దాటాను గదా! ఇంకేం జేస్తారో జెయ్యండి. నా పేరు సలోమి. మొగలిదిబ్బ నర్సుని. పొద్దున బయల్దేరి నూరు కిలోమీటర్లు వచ్చిందక్కా ఈ బండి. ఒక్కచోట ఆగలా. తీరా మీ గేటు ముందు క్యూలో నిలబడ్డాక ఊపిరి బిగబట్టింది."

"పాతబడిపోయిందిలే. గ్రిడ్ బండి పెట్టించుకోరాదూ?"

"చివరి కరెంటు స్తంభం దాటితే మీ గ్రిడ్ బండి గేదె పడుకున్నట్టు పడుకుంటది. మా దిబ్బ ఆ స్తంభానికి పదహారు కిలోమీటర్లు అవతల." సలోమి కారు డోరు గట్టిగా పట్టుకుంది, ఎవరో లాక్కుపోతున్నట్టు. "నాగేంద్రం అని ఒక పిల్లుంది. ఇయ్యాలో రేపో కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. ఇది లేకపోతే ఆ పిల్లని మంచం మీద మోసుకురావాల. ఆ బురదలో పదహారు కిలోమీటర్లు."

తెర మీద గడువు పద్దెనిమిదికి దిగింది. తీర్పు ముందు ఇలా వచ్చి ఏడ్చేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. వాళ్ళ కోసం బాధపడింది, వేలు వేసింది. కానీ ఇవాళ ఆమెను ఆపింది సలోమి మాట కాదు. మూడో తిప్పు తిప్పినప్పుడు పక్క గడి నలుగుడు ఒక్క క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో కారు వెనక భాగం నుంచి ఏదో వినబడింది.

"తాళం తిప్పు. ఇంజను వద్దు. ఊరికే తిప్పి వదిలేయ్."

నాంచారమ్మ వెనక సీటులోకి ఎక్కి, బోర్లా పడుకుని, సీటుకు చెవి ఆనించింది. సలోమి తాళం తిప్పింది. రెండే రెండు సెకన్లు. మామూలుగా తేనెటీగ పాడినట్టు సన్నగా పాడాల్సిన పంపు, గొంతులో అన్నం ముద్ద ఇరుక్కున్న మనిషిలా మూలిగి ఆగింది.

"చచ్చింది మూలుగుద్దా?" అంది నాంచారమ్మ.

"ధ్వని ప్రమాణానికి వెలుపల ఉంది," అంది నిదాని. "నిర్జీవ లక్షణం."

"నిన్నడగలేదు."

ఆమెకే ఆశ్చర్యమేసింది, అంత గట్టిగా అన్నందుకు. లేచి బానెట్ దగ్గరికి నడిచింది. హారన్‌కి కరెంటు అందించే రిలే పీకి పంపు రిలే స్థానంలో గుచ్చింది. మళ్ళీ తాళం. మళ్ళీ అదే మూలుగు. అంటే కరెంటు బాగానే అందుతోంది. తర్వాత కారు డిక్కీలో ఉన్న సీసా నుంచి తనే మూతెడు చెరకు పెట్రోలు తీసి గాలిగొట్టంలో పోసి, "ఇప్పుడు ఇంజను తిప్పు" అంది.

ఇంజను భళ్ళున అంటుకుంది. రెండు సెకన్లు ఉరిమి ఆరిపోయింది.

సలోమి కేక పెట్టింది. "బతికే ఉందక్కా!"

"నిప్పుంది. గాలుంది. కూడే అందటంలా." నాంచారమ్మ తెర వైపు చూసింది. పదమూడు. "నీ డిక్కీలో పానాలూ స్క్రూడ్రైవరూ ఉంటే ఇటివ్వు. సీటు పట్టు. ముందుకు కాదు, పైకి లాగు."

సీటు ఊడి చేతిలోకి వచ్చేసరికి పైనున్న స్పీకరు గరగరలాడింది. ముక్కంటిగారు.

"నాంచారమ్మా, ఏందమ్మా అది? సీటెందుకు ఎత్తుతున్నావ్?"

"లోపలేముందో చూద్దామని సార్."

"చూడమని నీకెవరు చెప్పారు?"

"చూసేవాళ్ళనే గదా సార్ సాక్షులనేది."

"జాగ్రత్త," అని మాత్రం అంది స్పీకరు.

ఆమె ముందు బ్యాటరీ తీగ విప్పింది. తర్వాత సీటు కింది రేకు మూత, దాని కింద ప్లగ్గు, దాని కింద పెద్ద వలయం. స్క్రూడ్రైవరు ఆనించి పానాతో తట్టుకుంటూ వలయాన్ని తిప్పింది. పన్నెండేళ్ళుగా పలక మీద వేలు ఆనించడం తప్ప ఏ పనీ చేయని చేతులు అవి. అయినా ఏవీ మరిచిపోలేదు. వలయం ఎప్పుడు వదులవుతుందో వాటికి ముందే తెలిసింది. అందుకు ఆమెకు ఎవరికి దణ్ణం పెట్టాలో తోచలేదు.

పంపు బయటికి వచ్చింది. దాని అడుగున తెల్లగా ఉండాల్సిన వడపోత జాలీ పచ్చగా ఉంది. మామూలు పచ్చ కాదు. పెళ్ళికూతురి పాదాలంత పచ్చ. వేలితో గీకితే ముద్దగా ఊడి వచ్చింది. ఆ ముద్దలో నానిన బియ్యపు గింజలు.

ఆమె వాసన చూసింది. "పసుపు," అంది. "అక్షింతలు! ట్యాంకులో అక్షింతలు ఎవరు పోశారమ్మాయ్?"

సలోమి నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"అయ్యో నా తండ్రీ! మా దిబ్బోళ్ళే అక్కా. బిడ్డను ఇంటికాడ దింపగానే ప్రతి ఇంటోళ్ళూ లీటరు చెరకు పెట్రోలు పోస్తారు. ఉత్తినే పోస్తే బాగోదని గుప్పెడు అక్షింతలు కూడా వేస్తారు. వద్దంటే వింటారా? పైన చల్లితే గాలికి పోతాయంట. కడుపులో వేస్తేనే నిలుస్తాయంట. నేను చూస్తే తిడతానని నేను బిడ్డకు స్నానం పోసేటప్పుడు వేసేస్తారు."

"ఎంతమంది బిడ్డలు?"

"నూట డెబ్భైమూడు. కవలలు రెండుసార్లు."

నాంచారమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, మోచేత్తో. నూట డెబ్భైమూడు మంది బిడ్డల తల్లుల దీవెన గొంతుకు అడ్డం పడి ఈ పంపు మూలుగుతోంది. నిదాని తన లక్షలాది లెక్కల్లో ఎక్కడ వెతికినా ఇది దొరకదు.

సీసాలో మిగిలిన దానితో జాలీ కడిగింది. ఒకసారి, రెండోసారి, నీరు పోసినట్టు ధార దిగేదాకా. పంపు లోపల పెట్టి, వలయం బిగించి, ప్లగ్గు గుచ్చి, బ్యాటరీ తీగ తగిలించింది. తెర మీద నాలుగు.

"ట్యాంకు అడుగున ఇంకా ఉంటాయి. ఇంటిదాకా పోతావు. పోగానే ట్యాంకు దింపించి కడిగించు. తాళం తిప్పు."

రెండు సెకన్లు తేనెటీగ పాడింది. ఇంజను మొదటి తిప్పుకే అంటుకుంది.

"స్తోత్రం! స్తోత్రం ప్రభువా!" సలోమి స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేసింది.

"తీర్పు వెలువడింది," అంది నిదాని. "తీర్పు తర్వాతి చలనం లెక్కలోకి రాదు. సాక్షి ఎంచుకోవాలి. అంగీకారం. అశక్తత. ఎదురు సాక్ష్యం."

మూడో మాట ఏనాడూ ఎవరూ నొక్కని మాట. స్పీకరులో ముక్కంటిగారి ఊపిరి వినబడింది.

"నాంచారమ్మా, విను. అశక్తత నొక్కు. పక్క గడి సాక్షి వచ్చి చూస్తాడు. ఆయనతో నేను మాట్లాడతా. నువ్వు ఎదురు సాక్ష్యం చెప్పావో, నీ పాత వేలిముద్రలన్నీ తిరగేస్తారు. ఉద్యోగం నిలవదు. నిన్ను ఇక్కడ పెట్టింది నేనేనమ్మా, నా నోటితో తీసెయ్యమని చెప్పించమాక."

"మీ చలవ మరిచిపోయే దాన్ని కాదు సార్." ఆమె తెర వైపు తిరిగింది. "నిదానీ, 'పంపు నిర్జీవం' అని నువ్వు చెబితే నేను వేలేసిన బండ్లెన్ని?"

"ఆరు వందల పదకొండు. ఇవాళ రెండు."

ఆ ఇవాళ్టి రెండూ ఆమెకు గుర్తున్నాయి. ఒకటి కొబ్బరికాయలు మోసే వ్యాను. ఒకటి నీలం రంగు కారు. అవి మూలిగాయో లేదో ఆమె వినలేదు. వినలేదంతే.

"అందుకే సార్," అంది స్పీకరు వైపు చూసి, "నన్ను ఇక్కడ పెట్టిన రుణం ఇట్టాగే తీర్చుకోనివ్వండి."

మూడో మాట నొక్కింది.

"దోషం పేరు?"

"అక్షింతలు."

"ఈ పేరుతో దోషం లేదు."

"ఉంది. రాసుకో."

నిదాని చేతులు గాలిలో అలాగే ఆగిపోయాయి. తర్వాత ఒక్కో గడి వెనకా నలుగుడు ఆగుతూ వచ్చింది. పన్నెండు, ఇరవై, నలభై. ఆటోనగర్‌లో ఇంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు. అందులో సలోమి కారు ఇంజను ఒక్కటే వినబడుతోంది.

"ఎదురు సాక్ష్యం నమోదైంది. పంపు నిర్జీవం అనే తీర్పు అన్ని గడుల్లో నిలిపివేశాను," అంది నిదాని అన్ని స్పీకర్లలో. "సాక్షులు సీటు ఎత్తి చూడవలెను."

ముందు తలుపు తెరుచుకుంది. సలోమి కారు దిగబోతే నాంచారమ్మ చేత్తో అదిలించింది. "నాకు దణ్ణాలు తర్వాత. నాగేంద్రం చూస్తుంటది, పో!" తెల్ల కారు దారిపట్టీ దిగి ఎండలోకి దూసుకుపోయింది.

పక్క గడిలోంచి సాక్షి ఒకడు, ఎప్పుడూ పలకరించి ఎరగనివాడు, తల బయట పెట్టాడు. వాడి చేతులు ఖాళీగా, బెదిరిపోయి ఉన్నాయి.

"నాంచారక్కా! వెనక సీటు ఎట్టా ఊడుద్ది?"

ఆమె చేతుల పసుపు తుడుచుకోకుండానే అటు నడిచింది.