దోసె పెనం బరువెంత?

“మీ ఇంట్లో హెలికాప్టర్ ఏమైనా దిగిందా అండీ?”

నా భార్య నాతో అన్న మొదటి మాట ఇదే.

అప్పటికింకా నా భార్య కాదు. వర్తూరులో నేనుండే మేడకి పై వాటాలోకి కొత్తగా దిగిన టీచర్. ‘నా భార్య’ అని రాయడం ఎంత బాగుందంటే, వీలున్న చోటల్లా రాసేసేలా ఉన్నాను. పెళ్లి కొత్త. ఓర్చుకోండి.

అది శనివారం పొద్దున. నా చేతులకి మోచేతుల దాకా దోసెల పిండి. వెనకాల గ్రైండర్ గడగడలాడుతోంది. దాన్ని మా అమ్మ సుగుణమ్మ నంద్యాల నుంచి బస్సు డిక్కీలో పంపింది. ఆరుగురున్న ఇంటికి సరిపోయే గ్రైండర్. ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణి.

“సారీ అండీ, అయిపోవచ్చింది.”

ఆమె నన్ను చూడటం లేదు. నా భుజం మీంచి గ్రైండర్ని చూస్తోంది. కోపంగా వచ్చిన కళ్లు కాస్తా బొమ్మల షాపు ముందు ఆగిన పిల్ల కళ్లయిపోయాయి.

“ఎంత బరువుంటుంది?”

“ఏంటి?”

“అదే, ఆ గ్రైండర్. రాళ్లతో కలిపి.”

“తెలీదండీ. గ్రైండర్ని ఎవరైనా తూకం వేస్తారా?”

“నేను వేస్తాను.”

జేబులోంచి కొక్కెం ఉన్న చిన్న తూకం తీసింది. ఎయిర్‌పోర్టుకి వెళ్లేముందు సూట్‌కేసులు తగిలించి చూసుకుంటారే, అది. గ్రైండర్ వైపు ఒకసారి, దాని వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

“వద్దులెండి. చూస్తేనే తెలుస్తోంది. ఇది విమానం ఎక్కదు.”

పేరు హెప్సిబా. ఊరు గుంటూరు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతుంది. నాలుగేళ్లు మస్కట్‌లో, నాలుగేళ్లు హనోయ్‌లో. ఈ ఒక్క ఏడాదీ బ్రూక్‌ఫీల్డ్ దగ్గరి స్కూల్లో, మెటర్నిటీ లీవ్ మీద వెళ్లిన టీచర్ బదులు. ఆ తర్వాత మళ్లీ ఎక్కడికో.

“ఎక్కడికి?”

“ఎవరు కాంట్రాక్ట్ ఇస్తే అక్కడికి. మీ పేరు?”

“ఏలియా.”

“మా తాతగారి పేరు!”

“చాలామంది తాతగార్ల పేరేనండీ.”

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే మెట్లెక్కి వెళ్లిపోయింది. గ్రైండర్ ఆపేశాక పైన ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. మధ్యలో ఎక్కడా ఏదీ అడ్డు రానట్టు.

*

పిండి మిగిలింది. ప్రతి వారం మిగిలేదే. ఈసారి గిన్నెలో పోసుకుని పైకి తీసుకెళ్లాను.

ఆమె ఇల్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక సూట్‌కేసు నిలబెట్టి ఉంది, అది అల్మారా. ఇంకొకటి పడుకోబెట్టి ఉంది, అది టేబుల్. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక స్పూను. గోడల మీద ఒక్క మేకు లేదు.

“సామాన్లు ఇంకా రాలేదా?”

“ఇవే నా సామాన్లు. పెట్టెకి ఇరవై మూడు కిలోలు. అంతకు మించి ఏదీ కొనను.”

“ఎప్పుడూ?”

“ఒక్కసారి కొన్నాను.” గిన్నె అందుకుంటూ చెప్పింది. “మస్కట్‌లో. ఊగే కుర్చీ, పాత టేకుది. సాయంత్రం అందులో కూర్చుంటే ఇంటికొచ్చినట్టుండేది. కాంట్రాక్ట్ అయిపోయాక కొత్తగా వచ్చిన మిస్‌కి అమ్మేశాను. జూన్ వచ్చిందంటే మాలో సగం మంది అమ్ముతుంటాం, సగం మంది కొంటుంటాం. ఆవిడ అందులో కూర్చుని ఫొటో దిగి ‘థ్యాంక్యూ’ అని గ్రూపులో పెట్టింది.”

“తర్వాత?”

“తర్వాత ఈ తూకం కొన్నాను.”

నా సంగతీ అంత గొప్పగా లేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు ఉన్న చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, ఇంటి నుంచే. రోజంతా నాతో మనుషులు అనే మాట ఒక్కటే: “ఏలియా, యూ ఆర్ ఆన్ మ్యూట్.” ఎన్నోసార్లు మ్యూట్ తీశాక కూడా చెప్పడానికేమీ ఉండేది కాదు. సాయంత్రం ఒక దోసె పోసుకునేవాణ్ణి. పెనం వేడెక్కడానికి పట్టినంత సేపు కూడా తినడానికి పట్టేది కాదు.

అందుకే శనివారం కోసం చూడ్డం మొదలుపెట్టాను.

*

అక్టోబర్లో వాన మా వీధిని కాలవ చేసింది. కరెంటు పోయింది. ఇంటి ఓనర్ శాంతమ్మ ఆంటీ, నేను, హెప్సిబా ముగ్గురం మెట్ల మీద కూర్చుని వాన చూస్తున్నాం. శాంతమ్మ ఆంటీది వర్తూరే, పుట్టిందీ ఇక్కడే.

“ఏమప్పా ఏలియా, ఉత్తినే కూర్చోకపోతే ఆ పాపకి ఏమన్నా సాయం చేయకూడదా? ఏందో పరీచ్చ ఉండాదంట.”

పరీక్ష కాదు, వీడియో ఇంటర్వ్యూ. అందులో ఒక చిన్న పాఠం చెప్పి చూపించాలి.

“నువ్వు మూడో తరగతి,” అంది హెప్సీ. అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చేసింది. “నీకు ఎనిమిదేళ్లు. ఈ రోజు ఫ్రాక్షన్స్. ఆంటీ, మీరు ఇన్‌స్పెక్టర్.”

“నేనేమీ మాట్లాడను. బెత్తం ఉంటే చాలు,” అంది ఆంటీ.

హెప్సీ లేచి నిలబడింది. అంతే, మనిషి మారిపోయింది. గొంతు, చేతులు, కళ్లు అన్నీ వెలిగాయి. ఆ చీకటి మెట్ల మీద ఇరవై మంది పిల్లలు నిజంగానే ఉన్నట్టు ఒక్కొక్కరి మొహంలోకీ చూసి నవ్వింది. నాకు కొంచెం భయం కూడా వేసింది, ఇంత వెలుగు దగ్గర పెట్టుకుని ఆ ఖాళీ గదిలో ఎలా ఉంటోందా అని.

“మిస్, టాయిలెట్‌కి వెళ్లనా?”

“ఏలియా, నువ్వు ఇప్పుడే వెళ్లొచ్చావు. కూర్చో. ఇదిగో ఒక దోసె.” గాల్లో గుండ్రంగా గీసింది. “మధ్యకి చించాను. సగం నీకు, సగం నాకు. ఇప్పుడు చెప్పు, సగం అంటే ఏంటి?”

“ఒక్కడే తినకపోవడం, మిస్.”

వెక్కిరిద్దామనే అన్నాను. నోట్లోంచి వచ్చాక తెలిసింది, వెక్కిరింత కాదని.

ఆమె చేయి గాల్లోనే ఆగిపోయింది. వాన మాత్రం ఆగలేదు. శాంతమ్మ ఆంటీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, “పాసు,” అంది.

*

క్రిస్మస్‌కి ఆమెకి ఏమివ్వాలో తేల్చుకోవడానికి నెల పట్టింది. చివరికి సిటీ మార్కెట్‌లో ఒక ఇనప దోసె పెనం కొన్నాను. రోజూ నూనె రాసి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, దోసె అంటుకోకుండా తయారుచేశాను. అద్దంలా నిగనిగలాడింది. బ్రూక్‌ఫీల్డ్ చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక, ఇంటికొచ్చి మెట్ల మీద ఆమె చేతిలో పెట్టాను.

హెప్సీ కాగితం విప్పింది. వేలితో పెనం అంచు చుట్టూ ఒకసారి నిమిరింది.

తర్వాత జేబులోంచి తూకం తీసింది.

పెనం పిడికున్న చిల్లుకి కొక్కెం తగిలించి పైకెత్తింది. అంకె చూసింది. కాగితం మళ్లీ జాగ్రత్తగా చుట్టి నా చేతుల్లో పెట్టేసింది.

“సారీ ఏలియా. చాలా బరువు.”

“ఓకే. పర్లేదు,” అన్నాను.

పర్లేదు కాదు. నేను అర్థం చేసుకున్నదేంటంటే, పెనం కాదు, నేను బరువని. ఆ శనివారం గ్రైండర్ వేయలేదు. తర్వాతి శనివారం కూడా. కొట్లో పిండి ప్యాకెట్ కొన్నాను. పుల్లగా ఉంది.

మెట్ల మీద ఎదురైతే “హాయ్” అనుకునేవాళ్లం. జనవరి అంతా ఒక్క “హాయ్” మీద గడిచింది. పైన అడుగుల చప్పుడు వినేవాణ్ణి. ఇటునుంచి అటు. అటునుంచి ఇటు. ఒకసారి సరిగ్గా నా నెత్తిమీద ఆగింది. నేను కూడా తల ఎత్తి సీలింగ్ వైపు చూశాను. మధ్యలో ఉన్నది ఒక శ్లాబు.

*

ఫిబ్రవరిలో ఒక శనివారం శాంతమ్మ ఆంటీ తలుపు కొట్టింది.

“ఏమప్పా, నీ మిషన్ సప్పుడే లేదే? ఆ పాప నాకాడికి వచ్చి అడుగుతా ఉండాది, కింద ఆయనకి ఒంట్లో బాగలేదా ఆంటీ అని. నేనేమన్నా మీ ఇద్దరికీ పోస్ట్‌మ్యానా?”

“బాగానే ఉన్నానాంటీ.”

“నువ్వు బాగుండావు. ఆ పాప బాగలేదు. లుసాకాలో ఉద్యోగం వచ్చిందంట. ఏడుండాదప్పా అది?”

“ఆఫ్రికాలో ఆంటీ. జాంబియా.”

“రెండేళ్లంట. సోమవారం లోపల చెప్పల్లంట వస్తానో రానో. నువ్వేం చెప్పినావు?”

“నన్ను అడగలేదు.”

“అడగల్లా? పిండి అడిగిందా ఆ పాప? నువ్వే కదప్పా గిన్నె ఎత్తుకుని పైకి పొయ్యింది?”

ఆంటీ వెళ్లిపోయింది. వెళ్లొద్దని అడగొచ్చు. కానీ ఆ మెట్ల మీద, ఆ వానలో వెలిగిన మొహం కళ్లముందు ఉంది. ఉండిపొమ్మంటే ఆ మొహాన్ని ఆర్పేయమన్నట్టే. అలా అడిగి దక్కించుకున్న హెప్సీ నాకొద్దు. నాకు ఆ మిస్సే కావాలి.

మేనేజర్‌కి ఫోన్ చేశాను. తర్వాత మా అమ్మకి చేశాను. ఆ తర్వాత అటక మీంచి నా సూట్‌కేసు దించాను.

*

తలుపు తీసింది. నన్ను, సూట్‌కేసుని చూసింది.

“ఎక్కడికైనా వెళ్తున్నారా?” మళ్లీ మీరు.

“తెలీదు. ముందు తూకం వేసి చెప్పు.”

తూకం తీసి, కొక్కెం తగిలించి, రెండు చేతులా ఎత్తింది.

“పద్నాలుగు.”

“అవి నా బట్టలు, లాప్‌టాప్, బైబిల్. నాకు ఉన్నవి ఇంతే. అంటే ఇందులో ఇంకా తొమ్మిది కిలోలు ఖాళీ.” వెనక దాచిన పెనం ముందుకు తెచ్చాను. “ఇది నా పెట్టెలో వస్తుంది. నీ పెట్టెకి ఒక్క గ్రాము పెరగదు.”

“నీకు లుసాకాలో ఏం పని?”

“నాకు వర్తూరులో మాత్రం ఏం పని? ఇక్కడా మ్యూట్‌లోనే ఉంటాను, అక్కడా మ్యూట్‌లోనే ఉంటాను. అప్పుడప్పుడూ ఆఫీసుకొచ్చి మొహం చూపిస్తే చాలన్నాడు మా మేనేజర్. మా అమ్మ ఒక్కటే అడిగింది, అక్కడ మినప్పప్పు దొరుకుతుందా అని.”

ఆమె సూట్‌కేసు మీద కూర్చుంది. టేబుల్‌గా పడుకోబెట్టిన దాని మీద. ఆ ఇంట్లో కూర్చోవడానికి ఇంకేమీ లేదు.

“ఉండిపొమ్మని అడుగుతావనుకున్నాను.”

“అడిగితే ఉంటావా?”

ఆలోచించింది. “ఉండేదాన్నేమో. ఉండి, ప్రతి జూన్‌లో నీ మీద అలిగేదాన్ని.”

“మరి పెనం ఎందుకు తిరిగిచ్చేశావు?”

“నచ్చింది కాబట్టి.”

“అదేం లాజిక్ మిస్?”

“నచ్చని వాటిని వదిలేసి వెళ్లడం తేలిక, ఏలియా.” పెనం అందుకుని ఒళ్లో పెట్టుకుంది. “ఇంటర్వ్యూలో అడిగారు, మీతో ఎవరైనా వస్తున్నారా అని. ‘జస్ట్ మీ’ అన్నాను. ఇన్నేళ్లుగా అందరికీ అదే చెప్తున్నాను, నవ్వుతూ. ఈసారి కెమెరా ఆపేశాక లేవలేకపోయాను. కింద గ్రైండర్ చప్పుడు కూడా లేదు.”

నేనూ వెళ్లి ఆ సూట్‌కేసు మీదే పక్కన కూర్చున్నాను. అది కిర్రుమంది.

“విరిగిపోతుంది,” అంది కళ్లు తుడుచుకుంటూ.

“విరగనీ. సగం నీది, సగం నాది.”

“సగం అంటే?”

“పాఠం అయిపోయింది మిస్. ఇన్‌స్పెక్టర్ పాస్ చేసేశారు.”

కన్నీళ్లలోంచే నవ్వింది. ఆ నవ్వు కోసమైతే లుసాకా ఏంటి, అక్కడికి నడిచి వెళ్లమన్నా వెళ్తాను.

“సోమవారం వాళ్లకి ఏమని రాయమంటావు?”

“వస్తున్నానని రాయి. ‘జస్ట్ మీ’ మాత్రం తీసేయ్.”

*

ఈస్టర్ తర్వాత బ్రూక్‌ఫీల్డ్‌లో మా పెళ్లయింది. గుంటూరు నుంచి వాళ్ల అన్నయ్య వచ్చి, నన్ను కిందికీ పైకీ చూసి, “మా చెల్లెలు మీ బరువు చూసిందా బావగారూ?” అన్నాడు. ముందు వరసలో శాంతమ్మ ఆంటీ మా అమ్మ పక్కన కూర్చుని, పెళ్లంతా తనే కుదిర్చినట్టు అందరికీ చెప్పింది. నిజమే కాబట్టి ఎవరం కాదనలేదు.

జూలైలో ప్రయాణం. ఇప్పుడు మా ఇంట్లో రెండు కంచాలు, రెండు గ్లాసులు. పొద్దున లేచి రెండో గ్లాసు చూసినప్పుడల్లా నాకు ఎవరో బహుమతి ఇచ్చినట్టుంటుంది. శనివారం గ్రైండర్ తిరుగుతుంటే నా భార్య దాని పక్కనే కుర్చీ వేసుకుని, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతుంది. ఆ మోతలో!

నిన్న సాయంత్రం వర్తూరు రోడ్డు పక్కన రాతి రోళ్లు పెట్టి అమ్ముతుంటే నా భార్య ఆగింది. వేలితో ఒక రోలు అంచు చుట్టూ నిమిరింది. ఆ నిమరడం నాకు తెలుసు. జేబులోకి చేయి పోతుందని చూశాను. పోలేదు.

“హెప్సీ, ఇది విమానం ఎక్కదు.”

“తెలుసు.”

చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చాం. దారిలో వాన. నాలుగడుగులకోసారి దించుకుని, నవ్వుకుని, మళ్లీ ఎత్తుకుని. గేటు దగ్గర శాంతమ్మ ఆంటీ నోరు వెళ్లబెట్టింది.

“ఏంది పాపా ఇది? ఊరు విడిచి పోతా ఉండారు కదా. దీన్నేం చేస్తారు?”

“మీ దగ్గరే పెట్టి వెళ్తామాంటీ,” అంది నా భార్య, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ. “తిరిగి రావడానికి ఇక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా.”

ఇంట్లోకొచ్చి గోడకి ఒక మేకు కొట్టింది. జేబులోంచి తూకం తీసి దానికి తగిలించింది. అది ఇక్కడే ఉంటుందట.

రోలు ఎంత బరువుంటుందో మా ఇద్దరికీ తెలీదు.